శ్రీ గిడుగు రామమూర్తి పంతులుగారి వినికిడి

గడచిన కార్తికమాసమున మా పై తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని తలకోనకు పోయియుంటిమి. జలపాతమును చూచి, తెచ్చుకొన్న పులిహోర భుజించి, ప్రొద్దు గ్రుంకు వేళకు అడవిదారిని తిరిగివచ్చుచుండగా ఒక బాలుడు నిలిచి, పొదలనుండి వచ్చుచున్న సన్నని కూత ఏ పురుగుదని మమ్మడిగెను. మాకు సెలయేటి చప్పుడు వినవచ్చెను, కప్పల బెకబెకలు వినవచ్చెను, ఇలకోళ్ల కూత వినవచ్చెను. ఆ బాలుడు చెప్పిన సన్నని కూత మాత్రము వినరాలేదు. తక్కిన పిల్లలందఱును దాని నాలకించి, సూదివలె చెవిలో గ్రుచ్చుకొనుచున్నదని చెప్పిరి. మేము పొదదగ్గఱకు పోయి చెవి యొగ్గితిమి. ఏమియు లేదు. పిల్లలు మా ముఖమును, మేము పిల్లల ముఖములను చూచుకొంటిమి. మా వయస్సు నలువదియాఱు.

ఆ రాత్రి ఒక సంగతి జ్ఞప్తికి వచ్చి మాకు నిద్ర పట్టలేదు. మా తరగతిలో వెనుకబల్లమీద కూర్చుండు ఒక విద్యార్థిని ఆ యేడు మూడు నాలుగు మాఱులు గద్దించియుంటిమి. పద్యము నప్పగించునప్పుడు అక్షరములను మ్రింగివేయుచున్నాడనియు, స, శ, ష ల భేదము వాని నోట లేదనియు మా ఫిర్యాదు. నోరు తెఱచి పలుకుమని అందఱి యెదుట నిలువబెట్టితిమి. మాకు వినరాని కూతను తలకోనలో విన్నవారిలో ఆ బాలుడును ఉండెను. తప్పు వాని నోటిదా, మా చెవిదా యను సందేహము అడవినుండి మా వెంట ఇంటికి వచ్చెను.

వయస్సు మీఱుకొలది చెవి మొదట సన్నని ధ్వనులను విడుచునని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదువుకొన్నదే. అయినను చదివిన సంగతి తనమీదికి వచ్చువఱకు మనస్సున కెక్కదు. అప్పుడు మా తలపునకు వచ్చినవారు, వినికిడి పోయినను విను పనిని మానని ఒక ఉపాధ్యాయులు. వారి పుట్టినదినమును ఏటేట తెలుగు భాషాదినోత్సవముగా మనము జరుపుకొనుచున్నాము. వారు భాషకొఱకు పోరాడినవారని పిల్లలందఱు నెఱుగుదురు. వారి చెవుల కథను మాత్రము విన్నవారు తక్కువ. దానిని చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

శ్రీ గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన, వంశధారానదీతీరమున, ముఖలింగ క్షేత్రమునకు సమీపమందున్న పర్వతాలపేట యను గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూశాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. పంతులుగారు బాలురై యుండగనే తండ్రి గతించెను. బంధువుల యింట విజయనగరమున నుండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులైరి. కుటుంబభారము మీద పడుటచే పై చదువునకు పోక, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. పగలు పాఠములు చెప్పుచు, రాత్రులు తాము చదువుకొనుచు, క్రమముగా పట్టపరీక్ష నిచ్చి, కళాశాలలో చరిత్రోపన్యాసకులైరి.

వారు పాఠము చెప్పు పద్ధతి గమనింపదగినది. చరిత్రను బోధింపవలసి వచ్చినప్పుడు పుస్తకమున నున్నది చెప్పి ఊరకొనలేదు. తమ యూరికి చేరువనే ముఖలింగ దేవాలయముల గోడలమీద శాసనములున్నవి. ఆ లిపిని ఎవరును తమకు నేర్పకుండగనే నేర్చుకొని, శాసనములను చదివి, తూర్పు గాంగరాజుల చరిత్రపై వ్యాసములు వ్రాసిరి. ఆ రాజుల రాజధానియైన కళింగనగరము ఈ ముఖలింగమేయని నిరూపింప ప్రయత్నించిరి. చేతికందిన పుస్తకముకంటె కంటి యెదుట నున్న సాక్ష్యము మేలని వారి స్వభావము. ఈ స్వభావమే తరువాత వారిని కొండలలోనికి తీసికొనిపోయెను.

పర్లాకిమిడి చుట్టును కొండలు, అడవులు. అందు సవరలు నివసింతురు. వారు సంతకు దిగివచ్చినప్పుడు వారి మాట పట్టణవాసులకు తెలియదు, పట్టణవాసుల మాట వారికి తెలియదు. సవరభాష మన తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. ముండా, సంతాలీ భాషలకు చుట్టము. ఆ కాలమున దానికి లిపి లేదు, పుస్తకము లేదు, బడి అంతకంటె లేదు. అట్టి భాషను నేర్చుకొనవలెనని ఉద్యోగమున నున్న ఒక బ్రాహ్మణ గృహస్థునకు కోరిక కలుగుట ఆ దినములలో వింతయే. రామమూర్తి పంతులుగారు తెలుగును సవరయు వచ్చిన ఒక మనుష్యుని తమ యింటనే పెట్టుకొని, వాని నోటినుండి మాట మాటగా ఆ భాషను నేర్చుకొనిరి. తరువాత సవరపల్లెలకు తామే పోయి, వారి నడుమ దిగి, విని, వ్రాసికొనసాగిరి.

లిపిలేని భాషను నేర్చుకొనుటకు చెవి యొక్కటే సాధనము. కంటి కానుటకు అక్షరము లేదు. సవరభాషలో పదము కడపట కొన్ని హల్లులను పూర్తిగా విడువక, కంఠమున ఊపిరి బిగబట్టి ఆపివేయుదురు. తెలుగు చెవికి ఆ హల్లు అసలే లేనట్లు తోచును. అచ్చుల నిడివిలో చిన్న భేదమున్నను అర్థము మాఱును. ఇట్టి సూక్ష్మములను పట్టుకొనుటకై పంతులుగారు యూరపుఖండమున అప్పుడప్పుడే వెలువడుచున్న ధ్వనిశాస్త్ర గ్రంథములను తెప్పించుకొని చదివిరి. విన్నదానిని విన్నట్లు వ్రాయుటకు ఆ శాస్త్రపు గుర్తుల నవలంబించిరి. సవరలకు వారి భాషలోనే పాఠపుస్తకములు వ్రాసి, తమ సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతము లిచ్చిరి. చెన్నపురి ప్రభుత్వమువారు ఆ పుస్తకములకు పారితోషిక మీయబోగా, అది తమకు వలదనియు, ఆ ధనముతో సవరలకు బడి పెట్టవలసినదనియు కోరిరి.

ఆ కొండలకు పోవుట ఊరక పోవుట కాదు. అవి మన్యపు జ్వరమునకు పుట్టినిండ్లు. ఈ జ్వరము చెడుగాలివలన వచ్చునని లోకము చిరకాలము నమ్మెను. 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన మన సికిందరాబాదునందే రోనాల్డు రాసు అను వైద్యుడు దోమ కడుపులో ఆ జ్వరక్రిమిని కనుగొనిన పిమ్మటగాని దోమకును జ్వరమునకును గల సంబంధము బయలుపడలేదు. చికిత్స మాత్రము అంతకు ముందే యుండెను. సింకోనా చెట్టు బెరడునుండి పెల్లెటియే, కావంతూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞు లిరువురు 1820లో వేఱుచేసిన క్వయినాయే ఆ మందు. పంతులుగారిని మన్యపు జ్వరము పట్టెను. వారు క్వయినాను మితిమీఱి సేవింపవలసి వచ్చెను. జ్వరము పోయెను, దానితో వినికిడియు పోయెను. ఆ చెవుడు వారిని జీవితాంతము విడువలేదు.

క్వయినా ప్రాణములను కాపాడు మందు. అది మోతాదు మించినచో చెవిలో హోరు పుట్టును. అడవిలోని కీచురాళ్లన్నియు ఒక్కసారి తలలో కూయుచున్నట్లుండును. మందు మానగానే చాలమందికి ఈ హోరు తగ్గును. కొందఱికి తగ్గక, వినికిడి శాశ్వతముగా మందగించును. అందును సామాన్యముగా సన్నని ధ్వనులే ముందు పోవును. కాలము ముదుసలి చెవికి మెల్లమెల్లగా చేయు అపకారమును మందు కొలదికాలములో చేయునన్నమాట.

చెవి పనిచేయు విధము నిచ్చట కొంచెము చెప్పవలసియున్నది. లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన చిన్నగొట్టమొకటి కలదు. అందు సుమారు 15,000 సూక్ష్మమైన రోమకణములు వరుసలు దీరి యుండును. గుల్ల మొదట నున్న కణములు సన్నని ధ్వనులను, చివర నున్నవి బొంగురు ధ్వనులను పట్టుకొనును. చిన్నపిల్లలు సెకనుకు 20 కంపములు మొదలుకొని 20,000 కంపములవఱకు గల ధ్వనులను వినగలరు. నడివయస్సునకు ఆ పై హద్దు 15,000 లోపునకు, కొందఱికి ఇంకను క్రిందికి దిగిపోవును. మొదట నున్న కణములే ముందు నశించుట దీనికి కారణము. పక్షులకు ఈ కణములు నశించినను మరల పుట్టును. మనుష్యులకు ఆ భాగ్యము లేదు. ఇలకోడి కూత సెకనుకు సుమారు 4 లేక 5 వేల కంపములు కలది. పొదలలోని కొన్ని మిడతజాతుల కూత 10 వేలను మించి యుండును. తలకోనలో ఇలకోడి మాకు వినవచ్చి పొదలోని పురుగు వినరాకుండుట ఇందుచేతనే.

ఇందులో మోసమొకటి యున్నది. గ్రుడ్డితనము తన్ను తాను తెలుపుకొనును. ఈ చెవుడు తెలుపుకొనదు. వినబడని ధ్వని లేనట్లే యుండును. 1820లో ఇంగ్లండున వులాస్టను అను శాస్త్రజ్ఞుడు, మంచి చెవులు గలవా రనిపించుకొన్నవారిలోనే కొందఱికి ఇలకోడి కూతయు గబ్బిలపు కూతయు వినబడవని కనుగొని వ్రాసెను. తరువాత గాల్టను అనువాడు చిన్న ఈల నొకదానిని నిర్మించి పరీక్షించి, వయస్సు మీఱినవారికి సన్నని ధ్వనులు వినబడవనియు, తమ కా లోపమున్నదని వారెఱుగరనియు 1883లో ప్రకటించిన గ్రంథమున తెలిపెను. ఈ లోపము పురుగుల కూతతో ఆగిన బాధ లేదు. మన మాటలో అచ్చులు క్రింది స్థాయి ధ్వనులు. స, శ మొదలగు ఊష్మములు పై స్థాయి ధ్వనులు. పై స్థాయి పోయినవానికి మాట వినబడును, ఏ మాటయో తెలియదు. అట్టివాడు తన చెవి ననుమానింపక ఎదుటివాని నోటిని నిందించును.

ఇప్పుడు రామమూర్తి పంతులుగారి యవస్థను తలపునకు తెచ్చుకొనుడు. చెవి యొక్కటే సాధనమైన పనికి పూనుకొన్నవారికి ఆ సాధనమే చెడెను. ఇట్టి స్థితిలో ఎవరైనను పనిని విడిచియుందురు. విడిచినను లోకము తప్పు పట్టదు. పంతులుగారు విడువలేదు. ముప్పది యేండ్లకు పైగా ఆ కృషిని సాగించి, 1931లో ఆంగ్లమున సవరభాషావ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటింపజేసిరి. నిఘంటువు వెలువడునాటికి వారికి డెబ్బదియైదేండ్లు. వారి కుమారులు సీతాపతిగారు సవరభాషలో తామును పండితులై ఈ పనికి తోడైరి. వ్యాకరణ గ్రంథముయొక్క పేరున సవర యను మాటనే అచ్చుల నిడివిని చూపు గుర్తులతో అచ్చువేయించిరి. వినుటకు కష్టమైనవారే విన్నది తప్పు పోకుండ వ్రాయుటకు అంత శ్రద్ధ వహించిరని మనము గ్రహింపవలెను.

సవరబడులలో తెలిసిన సత్యమే వారిని తెలుగుబడులవైపు త్రిప్పెను. పిల్లలకు వారి నోటిభాషలో చెప్పినదే పట్టుబడునని కొండలలో చూచినవారు, తెలుగు పిల్లలకు తెలియని ప్రాచీనభాషలో పాఠములేల యని ప్రశ్నింపకుండ నెట్లుందురు? 1907 ప్రాంతమున పాఠశాలల తనిఖీ అధికారియైన యేట్సు దొరగారును ఈ ప్రశ్ననే లేవదీసిరి. గురజాడ అప్పారావుగారు, పి. టి. శ్రీనివాసయ్యంగారు, యేట్సు దొర, పంతులుగారు కలిసి వాడుకభాషకొఱకు ఉద్యమమును నడిపిరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పండితులు గట్టిగా ప్రతిఘటించిరి. 1911లో ఉద్యోగమును విరమించిన పిదప పంతులుగారి కాలమంతయు ఈ వాదమునకే వినియోగమయ్యెను. 1919లో తెలుగు అను మాసపత్రికను స్థాపించిరి. పుస్తకముల మూటలు మోసికొని ఊరూర సభలకు పోయి, ప్రాచీనులే వాడుకమాటలను వాడిరని పుటలు తెఱచి చూపిరి. 1925లో తణుకున జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్సభలో వారు చేసిన దీర్ఘోపన్యాసము ప్రసిద్ధము. చెవిటివాని యెదుట శంఖ మూదినట్లని మనవారు సామెత చెప్పుదురు. ఆ సభలలో శంఖ మూదినవారే చెవిటివారు. చెవులు మూసికొన్నవారు చక్కని చెవులు గలవారు.

ఈ వ్యాసమును మేము గ్రాంథికభాషలో వ్రాయుచుండుట చూచి కొందఱు నవ్వవచ్చును. మాకు నేర్పిన గురువుల వరవడి ఇది. చేయి మఱియొక తీరున సాగుట లేదు. పంతులుగారు పెద్దల గ్రంథములను తృణీకరించినవారు కారు. వానిని క్షుణ్ణముగా చదివినవారు. పిల్లవాని నోటి మాటను తప్పని గద్దింపక ముందు దానిని వినవలెననునదే వారి వాదముయొక్క సారమని మేము తలంచుచున్నాము. ఆ మాట తలకోన ప్రయాణమునకు పూర్వము మాకు పుస్తకములోని మాట.

పంతులుగారి కడపటి యేండ్లు సుఖముగా గడువలేదు. 1936లో ఒడిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు పర్లాకిమిడి అందు చేర్పబడెను. దాని నెదిరించి వాదించినను ఫలింపకపోగా, అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన యూరిని విడిచి రాజమహేంద్రవరమునకు తరలిరి. వారు బడులు పెట్టిన సవరకొండలును, వారికి భాష నేర్పిన మనుష్యులును వెనుక నుండిపోయిరి. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో సన్మానించెను. 1940వ సంవత్సరము జనవరి 22వ తేదీన చెన్నపురిలో పరమపదించిరి. మరణమునకు వారము ముందు, జనవరి 15వ తేదీన సయితము, పత్రికా సంపాదకుల నుద్దేశించి వాడుకభాషను పత్రికలలో నిలుపుడని విజ్ఞప్తి చేసిరి. నేడు మన పత్రికలును పాఠపుస్తకములును ఆ భాషలోనే వెలువడుచున్నవి.

తలకోననుండి వచ్చిన మఱునాడు మేమొక పరీక్ష చేసితిమి. వెనుకబల్ల బాలుని పిలిచి, మా బల్ల ప్రక్కనే నిలువబెట్టి, అదే పద్యమును చదువుమంటిమి. స, శ, ష లు మూడును స్పష్టముగా, దేనికది వేఱుగా పలికెను. మేము మఱల గది చివరకు పోయి నిలిచి చదువుమంటిమి. అవి మాకు ఒక్కటిగనే వినవచ్చెను. వానిని అందఱి యెదుట గద్దించితిమి గనుక, మా పొరబాటును అందఱి యెదుటనే ఒప్పుకొంటిమి. పిల్లలు నవ్వుదురని భయపడితిమి, ఎవరును నవ్వలేదు. నాటినుండి ఆ బాలుని స్థానము ముందుబల్లమీద. మాకు వినరాని మాటను వాడే మాకు మరల చెప్పుచున్నాడు. పిమ్మట వైద్యునకు చెవులను చూపించుకొంటిమి. యంత్రమును ధరింపవలసిన కాలము దూరమున లేదని తెలిసినది.

విద్యార్థులారా! మీ చెవులు నేడు అడవిలోని ప్రతి పురుగు కూతను పట్టుకొనగలవు. ఈ సంపద మీకు తెలియకుండగనే దినదినము కొంచెము ఖర్చగుచున్నది. పెండ్లి మేళముల పెట్టెలముందు నిలుచుట, చెవిలో గొట్టములు దోపుకొని గంటలకొలది పెద్దగా పాటలు వినుట, దానిని ముందుగనే వ్యయము చేయుట యగును. ఇంట అవ్వతాతలు మాట మరల చెప్పుమన్నప్పుడు విసుగుకొనకుడు, అఱవకుడు, ఎదుట నిలిచి నెమ్మదిగా పలుకుడు.

తోటి ఉపాధ్యాయులకును ఒక మనవి. మన బడులకు ఇంట తమిళము మాటాడువారు, ఉరుదూ మాటాడువారు, సుగాలీ తండాలనుండియు ఎరుకలవాడలనుండియు వచ్చువారు అందఱును వత్తురు. వారి పలుకు మనకు వింతగా తోచినప్పుడు, దిద్దుటకు ముందు ఒక్క నిమిషము వినుట మన విధి. చక్కని చెవులతో మనమా పని చేయకున్నచో, చెడిన చెవులతో సవరకొండలలో దానిని చేసిన రామమూర్తి పంతులుగారి పేరు భాషాదినోత్సవమునాడు తలచుకొనుటకు మనకు హక్కు లేదు.